కొండసైకిలు: లాఘవ గౌరవములు

ఇప్పటి యువకులు మౌంటెన్ బైకు అని పిలుచు వాహనమును నేను ఈ ప్రసంగములో కొండసైకిలు అనియే వ్యవహరింతును. దానిని కొనినవానికి ఒకటి రెండేండ్లు గడచునప్పటికి ఒక ఆలోచన పుట్టును. సైకిలుతో వచ్చిన భాగములను తీసివేసి వానికంటె మేలైనవి వేసికొనవలెనని. అంగడికి పోయి చూచినచో ప్రతి భాగమునకును రెండంకెలు కనబడును. ఒకటి వెల, రెండవది గ్రాములలో బరువు. ఆ భాగము ఎంత దెబ్బకు ఓర్చునను మూడవ అంకె కూడ ఉండవలసినదే కాని, అది సాధారణముగా ఎక్కడను వ్రాసియుండదు. కనబడు అంకెలనుబట్టి తీర్పు చెప్పుట మనుష్య స్వభావము. కావున ఎక్కువ వెల యిచ్చి తక్కువ బరువు కొనుటయే మేలు అను అభిప్రాయము వ్యాపించియున్నది. ఈ అభిప్రాయము ఎంతవఱకు నిలుచునో ఈ పూట విచారింతము.

నేను గురువులయొద్ద చదివినది వ్యాకరణము, కొంత తర్కము. ఇట్టివానికి సైకిలు భాగములతో ఏమి పని యని మీరడుగవచ్చును. ఉద్యోగకాలమంతయు నన్ను బడికి మోసినది సైకిలే. దానిని విప్పి బిగించుట నేనే నేర్చుకొంటిని. అంతేకాక, ఈ ప్రశ్న మా శాస్త్రములకు క్రొత్తది కాదు. లాఘవము, గౌరవము అను రెండు మాటలు అక్కడ నిత్యము వినబడును. గౌరవమనగా ఇక్కడ మర్యాద కాదు, బరువు. ఒక విషయమును తక్కువ కల్పనతో సాధింపగలిగినప్పుడు ఎక్కువ కల్పన చేయుట గౌరవదోషము. సూత్రములో అర్ధమాత్ర తగ్గినను వైయాకరణుడు ఇంట పండుగ చేసికొనునని పండితులలో ఒక పరిహాసము కలదు. సైకిలునుండి పది గ్రాములు తీసి సంతోషించు యువకుని చూచినప్పుడు నాకు మా సహాధ్యాయులే జ్ఞప్తికి వత్తురు. అయితే తార్కికులు ఇంకొక మాట కూడ చేర్చిరి. ఫలమునకు దారితీయు గౌరవము దోషము కాదని. దానిని ఫలముఖ గౌరవ మందురు. ఏ బరువును తీసివేసినచో ప్రయోజనమే చెడునో ఆ బరువు దోషముల లెక్కలోనికి రాదు. కొండసైకిలు విషయమున నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క న్యాయముమీద ఆధారపడియున్నది.

ఈ సైకిలు పుట్టుకయే బరువులో జరిగినది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మారిన్ కౌంటీ అను సీమ కలదు. 1970 తరువాతి సంవత్సరములలో అక్కడి యువకులు కొందఱు, 1930, 1940 ప్రాంతములనాటి పాత ష్విన్ సైకిళ్లను ఏరి తెచ్చి, లావు టైర్లు వేసి, మట్టిబాటల వెంబడి కొండమీదినుండి క్రిందికి దూకించుట వినోదముగా చేసికొనిరి. ఆ సైకిళ్లు ఒక్కొక్కటి ఇరువది కిలోలకు అటునిటుగా తూగెడివి. 1976 అక్టోబరు 21న వారు ఒక బాటమీద పందెము పెట్టిరి. బ్రేకు వెనుక చక్రపు హబ్బులోపలనే ఉండెడిది. దిగుడు ముగియునప్పటికి అది కాగి, లోని గ్రీసు పొగయై పోయెడిది. మఱల హబ్బు విప్పి గ్రీసు కూరవలసివచ్చెడిది. అట్లు మఱల కూరుటకు ఇంగ్లీషులో రీప్యాక్ అని పేరు. ఆ బాటకును ఆ పేరే నిలిచినది.

ఆ పాత ఫ్రేములు ఈ మోటుపనికి చేసినవి కావు గనుక విఱుగుచుండెడివి. అప్పుడు జో బ్రీజ్ అను నాతడు 1977లో క్రోమ్-మాలి ఉక్కు గొట్టములతో ఈ పనికొఱకే ఒక ఫ్రేము నిర్మించెను. మామూలు గొట్టములు చాలవని, తలభాగమునుండి వెనుక చక్రమువఱకు రెండు అదనపు గొట్టములు బలమునకై వేసెను. సైకిలంతయు కలిసి 17 కిలోల ప్రాంతము తూగినది. ఆనాటి మొదటి బ్రీజర్ నేడు స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాల సొత్తు. తక్కిన చరిత్ర మనకిప్పుడు అక్కఱలేదు. ఒక్క సంగతి గుర్తింపుడు. మొదటి నిర్మాతలు వెదకినది తేలికను కాదు, విఱుగని దానిని. తేలికకొఱకు పోటీ తరువాత వచ్చినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండసైకిలు పందెము చేరినది. ఆ దశాబ్దమున చిన్న చిన్న కార్ఖానాలవారు అల్యూమినియపు దిమ్మెను యంత్రముతో తొలిచి క్రాంకులు, బ్రేకుపిడులు తయారుచేసి, ఊదా, నీలి రంగులు పట్టించి అమ్మిరి. చూచుటకు నగలవలె నుండెడివి. సుత్తెక్రింద సాగగొట్టిన లోహమునకుండు అంతరంగపు అల్లిక తొలిచిన లోహమునకు లేదు. పదునైన మూలలు మిగిలినచోట బీటలు పుట్టి, కొన్ని క్రాంకులు త్రొక్కుచుండగానే తెగినవి.

ఇక అఱకిలో తగ్గించుటవలన నిజముగా కలుగు లాభ మెంత? లెక్క చూతము. త్రొక్కువాడు 70 కిలోలు, సైకిలు 14 కిలోలు, నీళ్లు, పనిముట్లు, బూట్లు, శిరస్త్రాణము కలిపి 4 కిలోలు; మొత్తము 88. నిటారైన కొండయెక్కునప్పుడు గాలి అడ్డు స్వల్పము. శ్రమలో పెద్దపాలు బరువు నెత్తుటకే పోవును. 88 కిలోలలో అఱకిలో తగ్గినచో నూటికి సగముకంటె కొంచె మెక్కువ తగ్గినట్లు. గంటసేపు ఎక్కవలసిన కొండమీద మిగులు కాలము సుమారు 20 సెకండ్లు. పందెగానికి ఇరువది సెకండ్లు పతకమును మార్చగలవు, కాదనను. ఆదివారమునాడు స్నేహితులతో పోవువాడు ఆ ఇరువది సెకండ్లను చెట్టునీడను నిలిచి నీళ్లు త్రాగుటలోనే పోగొట్టుకొనును. పైగా ఆ నీళ్లసీసా అఱలీటరుది; దాని బరువే అఱకిలో.

చక్రము చుట్టును ఉండు బరువు పదింతలు లెక్కకు వచ్చునని కొందఱు చెప్పుచుందురు. ఇది అతిశయోక్తి. టైరు, రిమ్ము అంచులనున్న బరువు ముందుకు సాగుటయే కాక గుండ్రముగా తిరుగుచు కూడ నుండును. కావున వేగము పెంచునప్పుడు అది రెండింతలుగా లెక్కకు వచ్చును. అంతకు మించి రాదు. వేగము మాఱక నెమ్మదిగా ఎక్కుచున్నప్పుడు ఆ రెండింతలు కూడ లేదు. అంచున నున్న నూఱు గ్రాములును సీటుక్రింద నున్న నూఱు గ్రాములును అప్పుడు ఒక్కటియే. మలుపు మలుపునకు బ్రేకు వేసి మఱల పుంజుకొనవలసిన వంకర బాటలలో మాత్రము తేలిక చక్రము హాయిగా నుండుమాట నిజము.

బలముసంగతి ఇంత సులభముగా లెక్కకు అందదు. ఉక్కు నీటికంటె సుమారు ఎనిమిదింతలు బరువు, అల్యూమినియము 2.7 ఇంతలు, టైటానియము నాలుగున్నర, కార్బను నారను జిగురుతో కూర్చిన పదార్థము 1.6 ప్రాంతము. ఈ అంకెలు చూచి అల్యూమినియము ఉక్కును ఓడించినదని తలపరాదు. బరువు మూడవవంతైనట్లే వంగక నిలుచు బిగువు కూడ మూడవవంతే. మఱి అల్యూమినియపు ఫ్రేము ఎట్లు నిలుచుచున్నది? గొట్టము లావు చేయుటవలన. గొట్టపు గోడ మందము మార్పక వ్యాసమును రెట్టింపు చేసినచో బరువు రెండింతలగును, బిగువు ఎనిమిదింతలగును. వెదురు తన బోలుతనముతోనే గాలికి నిలుచుట మన మెఱిగినదే. అయితే ఈ యుక్తికి హద్దు కలదు. వ్యాసము పెంచుచు గోడను పలుచన చేయుచు పోయినచో, చివరకు గొట్టము వంగక నిలుచును గాని చిన్నరాయి తగిలినను సొట్టపడును. కాగితమువంటి గోడగల ఫ్రేమును వ్రేళ్లతో నొక్కినచో లోనికి పోవుట నేను చూచితిని.

లోహమునకు అలసట యను గుణ మొకటి కలదు. ఒక్క పెద్దదెబ్బకు విఱుగని వస్తువు, లక్ష చిన్నదెబ్బలకు విఱుగవచ్చును. ఉక్కుకు ఒక మేర కలదు. ఆ మేరకు లోబడిన దెబ్బలు ఎన్ని తగిలినను అది లెక్కచేయదు. అల్యూమినియమునకు అట్టి మేర లేదు. ప్రతి దెబ్బయు ఎంత చిన్నదైనను ఖాతాలో చేరుచునే యుండును. అందుచేతనే అల్యూమినియపు హ్యాండిలును కొన్ని యేండ్లకొకసారి, గట్టిగా పడినప్పుడెల్ల, మార్పుడని తయారీదారులు వ్రాయుదురు. బలము చూచి నిర్మించిన హ్యాండిలులో ఈ ఖాతా నిండుటకు చాలకాలము పట్టును. గ్రాములు చూచి గోడ తఱిగిన హ్యాండిలులో త్వరగా నిండును.

కార్బను నార మాట వేఱు. అది అలసటకు బాగుగా ఓర్చును. దాని బలము నార సాగిన దిక్కుననే ఉండును. తాటాకు పీచు వెంబడి గీచినచో చీలును, అడ్డముగా గీచినచో చీలదు. తాళపత్రములమీద వ్రాసిన మనవారికి ఈ గుణము బాగుగా తెలిసినదే. నిర్మాత ఏ దిక్కున దెబ్బ తగులునని ఊహించెనో ఆ దిక్కున నారను పఱచును. ఊహింపని దిక్కున, అనగా రాయి ప్రక్కనుండి తగిలినను, బోల్టు అధికముగా బిగించి నలిపినను, లోపలి పొరలు విడిపోవును. పైరంగు చెక్కుచెదరదు. ఉక్కు వంగి మనకు తెలియజేయును. అల్యూమినియము తఱచు సన్నని బీటగా తెలియజేయును. కార్బను నార పలుమాఱు ఏమియు చెప్పకయే విఱుగును.

దీనికి నా యెదుట జరిగిన దృష్టాంతము కలదు. నాయొద్ద పదవ తరగతి చదివిన యువకు డొకడు తూర్పు కనుమల బాటలలో సైకిలు త్రొక్కుచుండెడివాడు. ఒకనాడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, ఒక్క హ్యాండిలులోనే నూటపాతిక గ్రాములు తీశానండీ" అని సంతోషముతో చూపెను. కార్బను హ్యాండిలు. ఎవరో వాడి అమ్మినదానిని సగము వెలకు కొనెను. దాని పూర్వచరిత్ర అమ్మినవాడు చెప్పలేదు, ఇతడు అడుగలేదు. బోల్టులను చేతిబలముకొలది బిగించెను. రెండు నెలలకు, ఒక దిగుడులో, స్టెము అంచుదగ్గఱ ఆ హ్యాండిలు తెగినది. దూకుడు గట్టిదేమియు కాదు, మోకాలెత్తు మెట్టు మాత్రమే. కంటియెముక విఱిగినది, ముందరి రెండు దంతములు పోయినవి. ఆసుపత్రిలో వానితల్లి నన్ను చూచి, "సైకిలు తేలికైతే మంచిదన్నారు కదండీ అందఱూ" అనెను. ఆ ప్రశ్నకు ఆమెకు అప్పుడు చెప్పలేని జవాబునే ఇప్పుడు విపులముగా చెప్పుచున్నాను.

మన యెడ్లబండిలో కడచీల యని చిన్న ముక్క యొకటి యుండును. ఇరుసు చివర చక్రము జారిపోకుండ నిలుపునది. బండి బరువులో దాని పాలు లెక్కకే రాదు. అది ఊడినచో బండి బోల్తాపడును. బండిగోడకు కట్టిన తడిక ఊడినచో గడ్డి రాలును, అంతే. తెలిసిన వడ్రంగి తడికను ఎంత పలుచగానైన అల్లును గాని, కడచీలలో గీత లోపమును సహింపడు. కొండసైకిలు భాగములను గూడ ఇట్లే చూడవలయును. ఒక్కొక్క భాగమును పట్టుకొని, ఇది దిగుడులో విఱిగినచో ఏమి జరుగునని అడుగుడు. సైకిలు ఆగిపోవును, ఇంటికి నడిచి పోవలయును అను జవాబు వచ్చినచో అక్కడ తేలికను కొనవచ్చును. మనుష్యుడు తలక్రిందులుగా పడును అను జవాబు వచ్చినచో అక్కడ గ్రాములను చూడరాదు. హ్యాండిలు, స్టెము, ఫోర్కు, దాని మెడగొట్టము, క్రాంకు, పెడలుకడ్డి, సీటుకాడ, ముందుచక్రము, బ్రేకు, ఇవి యన్నియు కడచీలలు.

తేలికకు తగినచోటు వెనుకనున్న పండ్లచక్రముల గుత్తి. దానిని క్యాసెట్టు అందురు. షిమానోవారి పన్నెండు పళ్లెముల గుత్తిలో 10 మొదలు 51 పండ్లవఱకు గలది, డియోర్ శ్రేణిలో 600 గ్రాములకు కొంచెము తక్కువగా తూగును. ఎక్స్‌టీఆర్ శ్రేణిలో అదే 370 గ్రాముల ప్రాంతము. టైటానియము, అల్యూమినియము పళ్లెములు ఎక్కువగా వేయుటవలన వచ్చిన భేదమిది. అరిగినచో చైను జారును, మనుష్యుడు సాధారణముగా జారడు. పైగా ఆ బరువు వెనుక చక్రముతోబాటు ఎగిరి పడుచుండునది గనుక, వెనుక స్ప్రింగుగల సైకిళ్లలో దానిని తగ్గించినచో చక్రము నేలను బాగుగా అంటియుండును. కాని వెల పలు రెట్లు. అల్యూమినియపు పళ్లెములు త్వరగా అరుగును. ఇది ధనవంతుని లాఘవము. తక్కినవారు మామూలు గుత్తితోనే సుఖముగా కొండయెక్కవచ్చును.

తేలికయే బలమగు చోటు కూడ ఒకటి కలదు. ఇది విని మొదట నేనును ఆశ్చర్యపడితిని. చక్రపు చువ్వలలో, అనగా స్పోకులలో, పొడవునా రెండు మిల్లీమీటర్ల మందముగలవి ఒక రకము. రెండు చివరలను రెండు మిల్లీమీటర్లుండి నడుమ 1.8కి సన్నగిలినవి ఇంకొక రకము. సన్నవి ముందు తెగునని తోచును. తెగవు. చువ్వ సాధారణముగా నడుమ తెగదు, హబ్బుదగ్గఱ వంపులో తెగును. నడుము సన్నమైన చువ్వ దెబ్బకు కొంచెము సాగి, ఆ భారమును వంపుమీద పడనీయక తానే త్రాగును, ప్రక్కచువ్వలకును పంచును. రెండు చక్రములకు కలిపి సుమారు 60 గ్రాములు తగ్గును, ఆయువు పెరుగును. మొద్దు బరువంతయు బలము కాదని దీనివలన తేలుచున్నది. చువ్వల చివరి నిప్పిల్సు మాత్రము ఇత్తడివే ఉంచుకొనుడు. అల్యూమినియపువి ఆ పాటి బరువులో సగముకూడ ఉండవు గాని, సముద్రపుగాలి తగులు ఊళ్లలో, ముఖ్యముగా కార్బను రిమ్ములలో, ఉప్పుచెమ్మకు త్వరగా పాడగును. చక్రము సరిచేయబోవునప్పుడు నలిగి ఊడివచ్చును.

టైరు దగ్గఱ కొంచె మాగవలయును. డబ్బున్న యువకులు మొదట తప్పటడుగు వేయునది ఇచ్చటనే. 29 అంగుళముల చక్రమునకు పందెపు టైరు 650, 700 గ్రాములు తూగును. ప్రక్కలకు పొరలు వేసి బలపఱచిన దిగుడు టైరు 1,200 గ్రాములకు పైన తూగును. రెండు చక్రములకు కలిపి కిలో తేడా. సైకిలంతటిలో ఇంత తక్కువ సొమ్ముతో ఇంత బరువు తగ్గు చోటు మఱియొకటి లేదు. ఎక్కునప్పుడు తేడా కాళ్లకు తెలియును కూడ. దిగునప్పుడు పదునైన రాయి ప్రక్కగోడను చీల్చును, లేదా టైరు చదునుగా అణగి రిమ్ము రాతికి కొట్టుకొనును. గాలి ఒక్కసారిగా పోయిన ముందుటైరు ఎటు త్రిప్పినను మాట వినదు. దెబ్బలలో పెద్దపాలు తినునది వెనుక టైరు గనుక, రెంటిలో ఒకటే బరువైనది కొనగలిగినచో దానిని వెనుకకు వేయుడు. పట్టు మంచిదైన రబ్బరును ముందుకు వేయుడు.

లోపలి ట్యూబు తీసివేయుట మాత్రము నిరపాయమైన లాఘవము. ట్యూబు 200 గ్రాములుండును. దానికి మాఱుగా టైరులో పోయు పాలవంటి ద్రవము నూఱు గ్రాముల ప్రాంతము. మిగులు నూఱు గ్రాముల సంగతి అటుంచుడు. మన బాటలలో తుమ్మముండ్లు, పల్లేరుకాయలు ఎంతటివో మీ రెఱుగుదురు. ఆ ద్రవము ముల్లుపోటును అక్కడికక్కడ పూడ్చును. ట్యూబు రిమ్ముకు రాతికి నడుమ నలిగి పాముకాటువలె జంటరంధ్రములు పడు బాధ కూడ తప్పును. కొన్ని నెలలకొకసారి ద్రవము ఆరిపోయినదేమో చూచి మఱల పోయవలయును. ఆరిన ద్రవముతో కొండకు పోవుట ట్యూబు లేక కొండకు పోవుటయే.

బరువు పెంచుకొనుటయే మేలైన చోట్లును కలవు. 160 మిల్లీమీటర్ల బ్రేకుపళ్లెమునకు మాఱుగా 180ది వేసినచో కొన్ని పదుల గ్రాములు పెరుగును. అదే వ్రేలిబలమునకు ఆపుశక్తి సుమారు ఎనిమిదవవంతు హెచ్చును, వేడి కూడ త్వరగా చల్లారును. రీప్యాక్ కొండమీద పొగలు గ్రక్కిన హబ్బును తలచుకొనుడు. ఫ్రేమును ఫోర్కును ఎంత పెద్దపళ్లెమునకు నిర్మించిరో ముందు విచారించి మఱి వేయుడు. మీటనొక్కిన దిగు సీటుకాడ యొకటి వచ్చినది. దానిని డ్రాపర్ అందురు. మామూలు కాడకంటె మూడు నాలుగు వందల గ్రాములు బరువు. దిగుడులో సీటు క్రిందికి పోయినచో మనుష్యుని బరువు వెనుకకు, క్రిందికి జరుగును. ముందుకు బోర్లపడు ప్రమాదము తగ్గును. నా తర్కగురువులు బ్రతికియున్నచో ఫలముఖ గౌరవమునకు ఉదాహరణముగా ఘటపటములను విడిచి దీనినే చెప్పియుందురు.

ఫోర్కు మార్చువారికి ఒక హెచ్చరిక. సన్నకాళ్ల పందెపు ఫోర్కు ఒకటిన్నర కిలో ప్రాంతము, లావుకాళ్ల మోటుఫోర్కు రెండు కిలోలు దాటియుండును. బలమైనది గదా యని పందెపు ఫ్రేమునకు పొడవైన మోటుఫోర్కు తగిలించుట కూడ మేలు కాదు. ఫోర్కు పొడవైనకొలది ఫ్రేము తలభాగముమీద గునపమువలె మీటు బలము పెరుగును. ఫోర్కు నిలుచును, ఫ్రేము చీలును. గొలుసులో ఒక్క లంకెను లావు చేసినంతమాత్రమున బరువు మోయునది కాదు గదా. అమెరికావారి ఎఫ్ 2043 అను ప్రమాణము సైకిళ్లను వాడుక తీరునుబట్టి తరగతులుగా విభజించినది. మూడవ తరగతి సైకిలు 61 సెంటీమీటర్లలోపు దూకుళ్లకు, నాలుగవది 122 సెంటీమీటర్లలోపు దూకుళ్లకు ఉద్దేశింపబడినవి. అంతకు మించినది అయిదవది. చాల ఫ్రేములమీద ఈ తరగతి ముద్ర యుండును. మూడవ తరగతి ఫ్రేమును అయిదవ తరగతి భాగములతో నింపినను అది మూడవ తరగతి ఫ్రేమే. త్రొక్కువాని బరువునకు పరిమితి విధించిన భాగములును కలవు. తొంబదికిలోల మనుష్యుడు అరువదికిలోల పందెగాని భాగములను చూచి మోహపడరాదు.

బోల్టులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఉక్కుబోల్టు తీసి టైటానియముది వేసినచో ఒక్కొక్కదానికి ఒకటి రెండు గ్రాములు తగ్గును. జాగ్రత్తగా వేసినచో హాని లేదు. అల్యూమినియపు బోల్టులను నీళ్లసీసా పట్టెడకు వేసికొనుడు. బ్రేకుకును స్టెముకును ఎన్నడును వేయకుడు. స్టెము బోల్టులు చాలవఱకు అయిదు న్యూటన్ మీటర్ల ప్రాంతమున బిగింపవలసినవి. సరియైన అంకె స్టెముమీదనే వ్రాసియుండును. అయిదు న్యూటన్ మీటర్లనగా పదిసెంటీమీటర్ల పిడి చివర అయిదుకిలోలు వ్రేలాడదీసినంత. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. కొలతచూపు రెంచి యొకటి కొనుడు. దాని వెల ఒక మంచి టైరు వెలకంటె మించదు. కార్బను హ్యాండిలు జారుచున్నచో ఇంకను బిగింపక, దానికొఱకే చేసిన గరుకు ముద్దను పూయుడు. తక్కువ బిగింపుతోనే పట్టును.

బలమైనది వేసికొంటిమి గదా యని నిశ్చింతగా నుండరాదు. 2006 ఏప్రిలులో పారిస్-రూబే పందెమున జార్జి హింకాపీ అను అమెరికా పందెగాని సైకిలుకు ఫోర్కు మెడగొట్టము రాళ్లబాటలో తెగినది. హ్యాండిలు చేతిలోనికి ఊడివచ్చి ఆయన పడి భుజము గాయపఱచుకొనెను. అది కొండసైకిలు పందెము కాదు గాని, రాళ్లబాట పందెము. ఆ గొట్టము తేలికకై వేసిన కార్బనుది కాదు, అల్యూమినియముది. అదే పందెములో అంతకుముందే ఆయన ఒకమాఱు పడియుండెను. పడిన పిమ్మట కడచీలలను పరీక్షించు వ్యవధి పందెములో దొరకదు. మనకు దొరకును.

కావున నెలకొకసారియు, గట్టిగా పడినప్పుడెల్లను, సైకిలును కడిగి ఆరబెట్టి, పగటివెలుతురులో చూడుడు. హ్యాండిలును స్టెమునుండి విప్పి, బిగించినచోట నుండు గీతలను వ్రేలిగోటితో తడవుడు. గోరు పట్టినచో అది రంగుగీత కాదు. క్రాంకు మూలలను, పెడలుకడ్డి దూరుచోటును, ఫ్రేము తలక్రింది అతుకును గుడ్డతో తుడిచి చూడుడు. గుడ్డ పోగులు చిక్కినచోట బీట యుండవచ్చును. కార్బను భాగమును నాణెముతో మెల్లగా తట్టుడు. ఒకచోట గట్టిగా మ్రోగి, ప్రక్కచోట మెత్తగా బొద్దుగా పలికినచో లోపలి పొర విడినట్లు అనుమానింపవలయును. సందేహము కలిగిన హ్యాండిలును కొట్లో మూలపడవేయకుడు, ఎవరికిని అమ్మకుడు, ఊరక ఈయకుడు. ఱంపముతో నడిమికి రెండుముక్కలుగా కోసి, ఆ పిమ్మట పాఱవేయుడు.